టీవీలో అత్తమ్మ గుట్ట

మొన్న ఆదివారం పొద్దున మా సూర్యాపేట లోకల్ ఛానల్ వాళ్లు, కొత్తగా వేయడానికి ఏమీ లేకనో ఏమో, మా బావ పాత నడకల కార్యక్రమాన్ని మళ్లీ వేయడం మొదలుపెట్టారు. నేను వంటింట్లో పప్పుకు పోపు పెడుతున్నాను. హాల్లోంచి ఆ గొంతు వినపడింది. "ఆగండి, ఆగండి, తొందరేం లేదు, ఈ ఆకు చూడండి." గరిటె చేతిలో ఉండగానే హాల్లోకి పరుగెత్తాను. నెత్తికి తువ్వాలు చుట్టుకుని, కర్ర పట్టుకుని మా అక్క మొగుడు గుట్ట ఎక్కుతున్నాడు. ఏ గుట్టో నాకు తెలుసు. మా ఆయన చేతిలోంచి రిమోట్ లాక్కుని టీవీ కట్టేశాను. "ఏందే గంత కోపం? మనిషి నడుస్తుండు, గంతే గదా," అన్నాడాయన. గంతే గదా అట! నాలుగేళ్లయింది, ఆ గుట్టను నేను ఇప్పటికీ చూడలేను. పోపు సంగతి అడగకండి, మాడి బొగ్గయింది.

మా బావది కోదాడ. జూనియర్ కాలేజీలో చెట్ల పాఠాలు చెప్పి చెప్పి రిటైరయ్యాడు. రిటైరైన మొగుడు పొద్దస్తమానం ఇంట్లో ఉంటే మా అక్కకు పిచ్చెక్కేది. దేవుడు దయతలిచి ఈ ఛానల్ వాళ్లను పంపాడు. ఆదివారం పొద్దున అరగంట, "నాలుగడుగులు" అని ఒక కార్యక్రమం. ఆయన కాలవ గట్ల మీద, చెలకల్లో, గుట్టల మీద నడుస్తాడు, కెమెరా ఆయన వెంట నడుస్తుంది. తుమ్మచెట్టు దగ్గర ఆగుతాడు, గిజిగాడి గూడు దగ్గర ఆగుతాడు, పేడపురుగు కనపడితే ఏకంగా కూర్చుండిపోతాడు. ఒక వారం సగం కార్యక్రమం పేడపురుగే చేసింది. నాకది ప్రాణం. మా ఆయనకు మంట. "ఆయన నడుసుడు, మనం సూసుడు. గిదొక ప్రోగ్రామా?" అంటాడు, అరగంట అయ్యేదాకా కుర్చీలోంచి మాత్రం లేవడు. చివర్లో ఫోన్లు తీసుకునేవారు, అక్కడా రెండు పార్టీలే. త్రిపురారం రైతు ఒకాయన ప్రతి వారం చేసేవాడు, ప్రతి వారం దులిపేవాడు. "సార్, నేను పొద్దుగాల పొలమంత తిరిగొచ్చి జర కూసుంట. టీవీల గూడ గదే గట్టు సూడాల్నా?" మిర్యాలగూడ నుంచి ఒక రైస్ మిల్లు వాళ్ల ఇల్లాలు, "డాక్టరు మా ఆయన్ని నడవమన్నాడండి. ఆయన సోఫాలో పడుకుని మీ నడక చూస్తున్నారు. అయినా సరే, మీరు మాత్రం ఆపకండి," అనేది. దామరచర్ల కరెంటు ప్లాంటు దగ్గర సిమెంటు పని చేసే ఒకాయన, వారమంతా దుమ్మే చూస్తాననీ, ఆ అరగంటే కళ్లకు పచ్చగా ఉంటుందనీ చెప్పాడు. ఆ రోజు మా బావ కళ్లు తుడుచుకున్నాడు.

తిట్టేవాళ్లు తిడుతూనే ఉన్నారు, మెచ్చేవాళ్లు మెల్లగా తగ్గారు. చూపించిన గట్టే చూపిస్తున్నాడని పేరొచ్చింది. కొత్తది ఏమీ లేకపోతే ఈ నెలతో ఖతం అని ఛానల్ వాళ్లు మొహాన చెప్పేశారు. ఆ వారం నేను కోదాడ వెళ్లాను. బావ అన్నం కెలుకుతున్నాడు, తినడం లేదు. "మరదలా, డెబ్బై ఏళ్లకు ఒక పని దొరికింది, అదీ పోతుంది," అన్నాడు. నాకు గుండె చెరువైంది. దానికి తోడు, అబద్ధమెందుకు, ఆయనకు తెలియనిది నాకొకటి తెలుసని చూపించుకోవాలన్న గొప్ప కూడా ఉంది. "బావా, పాలకీడు అవతల ఒక గుట్ట ఉంది," అని మొదలుపెట్టాను. బండరాళ్లు, బలుసు కంపలు, వాటి మీదికి పాకిన బోడకాకర, అదే ఆకాకర తీగలు, అన్నీ చెప్పేశాను. దారి కూడా కాగితం మీద గీసిచ్చాను.

ఆ గుట్ట మా మేనత్తది. కాగితాల మీద కాదు, కాగితాల మీద అది సర్కారుది. కానీ వానలు పడ్డాక రెండు నెలలు ఆ బోడకాకర కాయలు కోసి, గంపలో పెట్టుకుని, మిర్యాలగూడ బస్టాండు పక్కన కూర్చుని అమ్మి, ఏడాది పొడుగునా ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతికిన మనిషి ఆమె. ఆ చోటు కన్నకొడుకులకు కూడా చూపించలేదు. పన్నెండేళ్లప్పుడు నాకు చూపించింది. మా అక్కకు చూపించలేదు, ముల్లు గుచ్చుకుంటే అది ఊరంతా వినపడేలా ఏడ్చేది. "మీ అమ్మక్కూడ చెప్పకు," అంది ఆ రోజు. చెప్పలేదు. యాభై ఏళ్లు చెప్పలేదు. చివరికి బావ అన్నం కెలుకుతున్నాడని చెప్పాను.

ఆ ఆదివారం బావ అంత బాగా ఎప్పుడూ నడవలేదు. అది పాలకీడు అవతలి గుట్ట అని చెప్పి, తీగ ఎత్తి చూపించాడు. పచ్చటి కాయను అరచేతిలో పెట్టుకుని దాని మెత్తటి ముళ్ల మీద వేలు రాశాడు. ఊరుకున్నాడా, కర్రతో మట్టి తవ్వి తీగ కింది గడ్డను బయటికి తీశాడు. "ఈ గడ్డ ఒక్కటి చాలు, మీ ఇంటి కుండీలో పెట్టుకుంటే ఏటా కాయలే," అన్నాడు. కొంప ముంచింది ఆ మాటే. బోడకాకరలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు, రెండూ దగ్గర లేకపోతే కాయ పట్టదు. ఆ సంగతి ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన మనిషి, ఆ ఉత్సాహంలో ఆ ముక్క మరిచిపోయాడు. మా ఇంట్లో మా ఆయన మొదటిసారి చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను.

బుధవారం పొద్దున తలుపు తీస్తే ఆ మేనత్తే, మా అత్తమ్మ. రెండు బస్సులు మారి వచ్చింది. కూర్చోమంటే కింద కూర్చుంది, టీ ఇస్తే ముట్టలేదు. కొంగు ముడి విప్పి వాడిపోయిన తీగ ముక్క ఒకటి నా ముందు పెట్టింది. "బండ్లేసుకొని వచ్చిండ్రు బిడ్డా, కార్లేసుకొని వచ్చిండ్రు. గడ్డపారలు తెచ్చిండ్రు. కాయున్న తీగలన్ని తవ్వుకపోయిండ్రు. మొగ తీగలు మిగిలినయి, పూస్తయి, గంతే." కార్యక్రమం ఎవరిదో ఊళ్లో ఎవరో చెప్పారట. "గాయన మీ అక్క మొగుడే గదా. నన్ను తోల్కపో, అడిగేదుంది," అంది. దారి గీసిచ్చింది నేనే. అప్పుడే చెప్పాల్సింది. చెప్పులు వేసుకున్నాను.

కోదాడ దాకా గంట ప్రయాణం. కిటికీ పక్క అత్తమ్మ, ఆమె పక్కన నేను. మునగాల దాటేలోగా చెప్పాలనుకున్నాను. దాటింది. ఇగ కోదాడ బస్టాండులో దిగేలోగా అనుకున్నాను. దిగాం. ఆమె ఆ తీగ ముక్కను కొంగులో పట్టుకునే ఉంది. ఛీ, ఇంత పిరికిదాన్నని నాకు అప్పటిదాకా తెలియదు.

బావ ఎదురొచ్చి దండం పెట్టాడు. అత్తమ్మ కుర్చీలో కూర్చోలేదు. "అల్లుడా, ఒక్కటే అడుగుత. ఆ జాగ నీకెవలు సూపిచ్చిండ్రు?" బావ నా వైపు ఒక్కసారి చూశాడు. నేను నేల చూశాను. "ఎవరూ చూపించలేదత్తా, నడుస్తూ నడుస్తూ నాకే దొరికింది," అన్నాడు. ఆయన అబద్ధమాడగా వినడం నాకు అదే మొదలు. మా అక్క తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. అత్తమ్మ కొంగులోని తీగ ముక్కను ఆయన ముందు పెట్టింది. ఆ తర్వాత, "నీ నోటితోని పోయినయి. నీ నోటితోనే తెప్పియ్యి," అంది.

తరువాతి ఆదివారం బావ నడవలేదు. కెమెరా ముందు నిలబడి తన తప్పు చెప్పుకున్నాడు. ఒంటరి తీగ కుండీలో కాయదనీ, వచ్చే ఆదివారం గుట్ట దగ్గర ఉంటాననీ, తీసుకెళ్లినవాళ్లు తెచ్చివ్వమనీ చేతులు జోడించాడు. ఇగ చూడండి ఫోన్లు! తప్పు ఒప్పుకున్నవాడు గొప్పవాడని కొందరు. గుట్టేమన్నా ఆమె పట్టానా, దొరికినవాడు తవ్వుకుంటే తప్పేంటని కొందరు. చదువుకున్నవాళ్లు నడవడం మొదలుపెడితే ఊళ్లకు ఇదే గతి, ప్రోగ్రాం బంద్ పెట్టమని ఇంకొందరు. వారం వారం దులిపే త్రిపురారం రైతు మాత్రం ఆ రోజు ఫోన్ చేయలేదు.

ఆయన చెప్పిన ఆదివారం పొద్దున్నే గుట్ట మీద అత్తమ్మ, బావ, నేను. మా బావ గుంత గుంత దగ్గరా ఆగి చూశాడు. ఎండ ఎక్కుతోంది, ఎవరూ రాలేదు. ముందు కింద ఒక మోపెడ్ ఆగింది, దాని మీది ఆయన పైకి ఎక్కొచ్చాడు. "నేనే సార్, త్రిపురారం. నేనేం తీస్కపోలే. తవ్వేటానికి మనిషి గావాలె గదా అని వచ్చిన," అని పార దించాడు. తరువాత మిల్లు ఇల్లాలు కారులో మూడు కుండీలతో వచ్చింది, వెనక ఆమె భర్త ఆయాసపడుతూ నడిచి వచ్చాడు. ఇంకో నలుగురు తలవంచుకుని కవర్లలో గడ్డలు తెచ్చి పెట్టి వెళ్లిపోయారు. తవ్విన గుంతలతో పోలిస్తే అవి ఏ మూలకు? అయినా అత్తమ్మ ఒక్కో గడ్డను చేత్తో తడిమి, మగ తీగల పక్కన చోటు చూసి పెట్టించింది.

అప్పుడొచ్చాడు ఒకడు, చేతులు ఊపుకుంటూ, ఫోన్ ఎత్తి వీడియో తీస్తూ. "ముసలామె నోటికాడి బుక్క గుంజి టీవీల పేరు కొట్టినవ్! ఈ జాగ నీకెవరు చెప్పిండ్రు? చెప్పు!" బావ మళ్లీ అదే మాటన్నాడు, నడుస్తూ దొరికిందని. "దొంగమాట! దారి తెల్వందే ఈడికెవడొస్తడు?" అని వాడు మీదిమీదికి వచ్చాడు. అత్తమ్మ కూడా లేచి నిలబడింది. "చెప్పు అల్లుడా," అంది. బావ కర్రతో మట్టిలో గీతలు గీస్తున్నాడు. నా వైపు చూడలేదు, చూస్తే నేను దొరికిపోతానని. అది చూసి ఇంక నావల్ల కాలేదు.

"నేనే చెప్పినత్తా," అన్నాను. "నేనే గీసిచ్చిన."

"ఎందుకు మరదలా," అన్నాడు బావ నీరసంగా. ఫోన్ వాడు కూడా చెయ్యి దించాడు. అత్తమ్మ నా వైపు తిరిగింది. "నువ్వా బిడ్డా?" అంది. తిట్టినా బాగుండేది. "పన్నెండేండ్ల పోరివున్నప్పుడు నోరు మూసుకున్నవ్. ఇప్పుడు ముసల్దానివైతున్నవ్, ఇప్పుడేమైందే నీకు?" అంది. మళ్లీ వంగి మిగిలిన గడ్డలు పెట్టింది. గుట్ట దిగేటప్పుడు చెయ్యి అందించాను. పక్కనున్న త్రిపురారం రైతు భుజం పట్టుకుని దిగింది.

పెట్టినవాటిలో సగం ఎండిపోయాయి, సగం బతికాయి. బతికినవాటిని మరుసటి వానలకు ఎవరో మళ్లీ తవ్వుకుపోయారు. దారి తెలిసిపోయింది కదా. ఆ శ్రావణంలో ఒక పొద్దున అత్తమ్మ మా గుమ్మం ముందు సంచి దించింది. నిండా బోడకాకర, లేత కాయలు. నాకు ఏడుపొచ్చింది. "ఏడ దొరికినయి అత్తా?" అని అలవాటుగా అడిగేశాను. సంచి దులిపి మడత పెట్టుకుంటూ, "దొరికినయి," అంది. టీ తాగింది, మా ఆయన మోకాళ్ల నొప్పి గురించి అడిగింది, నవ్వింది కూడా. ఏటా అంతే, వానలు పడితే వస్తుంది, కాయలిస్తుంది, కొత్త చోటు మాత్రం చెప్పదు. ఆమెకు ఎనభై దగ్గర పడ్డాయి. ఆ చోటు ఇంకెవరికీ తెలియదు, రేపు ఆమెతోనే పోతుంది. మళ్లీ అడిగే మొహం నాకు ఎన్నేళ్లకు వస్తుందా అని నేను చూస్తూనే ఉన్నాను, ఉన్న ఏళ్లు అలా చూస్తుండగానే అయిపోతున్నాయి.