మూడో కడ్డీ

కృపాకర్ బొమ్మ ఇళ్ళు కడతాడంటే మా వీధిలో కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి, వాళ్ళ సొమ్మేం పోయింది? ఉప్పుగూడ స్టేషన్ వెనక మా మేడ మీద గదిలో నా బొమ్మ రైలు తిరిగే బల్ల ఉంది. దాని మీద స్టేషను, నీళ్ళ ట్యాంకు, గూడ్సు షెడ్డు అన్నీ అతని చేతి పనే. నేను గుమాస్తాగా రిటైరైన మనిషిని. పట్టాలు పరచడం, తీగలు కలపడం నాకు వచ్చు. బొమ్మ ఇళ్ళ ముక్కలుండే కిట్టు డబ్బా విప్పితే మాత్రం ఒళ్ళు మండుతుంది. గోరంత కిటికీలు, వెంట్రుక మందం నిచ్చెనలు. ఒకటి గోడకు అతికిస్తే రెండు నా వేళ్ళకు అంటుకుంటాయి.

కృపాకర్‌కు అరవై నాలుగేళ్ళు. రైల్వేలో పదహారేళ్ళు గేట్‌మన్‌గా ఉండి, ఆ తర్వాత గ్యాంగులో పట్టాల పని చేసి రిటైరయ్యాడు. నాలుగేళ్ళ కింద భార్య రాహేలుతో మా ఎదురింట్లో అద్దెకు దిగాడు. దిగిన వారానికి మేడ మీదికి వచ్చి నా రైలును చూశాడు. మర్నాడు లాడ్ బజార్‌కు పోయి, గాజుల మీద రాళ్ళు అతికేవాళ్ళ దగ్గర పట్టకారులాంటి సన్న చిమటా ఒకటి కొనుక్కొచ్చాడు. పగిలిన ఎర్ర రాయి ముక్క కూడా అడిగి తెచ్చి నా సిగ్నల్ దీపంలో పెట్టాడు. అప్పటి నుంచి కిట్ల పని అతనిదే. ముక్కలన్నీ పళ్ళెంలో ఆరబోసి, బియ్యం ఏరినట్టు ఏరి, గమ్ము లేకుండా ఒకసారి నిలబెట్టి చూసుకుంటాడు. ఆ తర్వాతే అతికిస్తాడు. తొందరపెడితే వినడు.

అతనికి ఒక పెద్ద చాదస్తం ఉంది. అసలు గేట్ల దగ్గర గేట్‌మన్ కడ్డీలు దించి, ఫోనులో స్టేషన్ మాస్టర్‌కు ఒక నంబరు చెప్పాలట. ఆ నంబరు అందితేనే సిగ్నల్ ఇస్తారట. నా బల్ల మీద కూడా అదే లెక్క. ఇల్లు నాది, రైలు నాది, కరెంటు బిల్లు కట్టేది నేను. అయినా కృపాకర్ "ముప్పై ఏడు సార్" అని చెప్పందే నేను స్విచ్చి తిప్పడానికి వీల్లేదు. మా ఆవిడ అహల్య కాఫీ తెచ్చి, "ఈ వయసులో ఇద్దరికీ మంచి పిచ్చి ముదిరింది" అని పోతుంటుంది.

ఆ నంబరు విన్నప్పుడల్లా నాకు లోపల చిరచిరలాడేది. ఎందుకో చెప్పాలి. పద్దెనిమిదేళ్ళ కింద ఊరవతల ఒక గేటు దగ్గర గూడ్సు రైలు ఒక ట్రాలీ ఆటోను గుద్దింది. డ్రైవర్ దూకేసి కాలు విరగ్గొట్టుకుని బతికాడు. గేటు వేసే ఉందని, ఆటోవాడే కడ్డీ పైకెత్తి దూరాడని గేట్‌మన్ చెప్పాడు. కానీ పక్కనే చాయ్ బండి దగ్గర నిలబడిన ఒక పెద్దమనిషి, గేటు లేచి ఉండగా తన కళ్ళతో చూశానని రాసి సంతకం పెట్టాడు. గేట్‌మన్ నంబరు ముందు చెప్పేసి, గేటు తర్వాత వేద్దామనుకున్నాడని విచారణలో తేల్చారు. అతన్ని గేటు నుంచి తీసి గ్యాంగులో వేశారు. ఆ గేట్‌మన్ కృపాకర్. ఆ పెద్దమనిషి నేనే. ఆఫీసు పని మీద పోతూ చాయ్ కోసం ఆగాను.

గేటు కథ అతని నోట విన్ననాడే నేను పోల్చుకున్నాను గానీ, ఈ సంగతి అతనికి తెలియదనుకున్నాను. నేనూ చెప్పలేదు. నిజం చెప్పినవాణ్ణి, నాకేం భయం? కానీ ఎప్పుడైనా పని మధ్యలో, "గేటు ఏసినంకనే నంబర్ ఇచ్చిన సార్, దేవుని తోడు" అని అతనంటే నాకు కోపం నషాళానికి అంటేది. ఇంత మంచివాడు, ఈ ఒక్క అబద్ధం ఎందుకు వదలడు అనుకునేవాణ్ణి.

రాహేలు కూడా నమ్మలేదు. ఆ మాట ఆమె ఎన్నడూ పైకి అనలేదు. అనేది చెయ్యి. ప్రతి ఆదివారం చర్చికి పోతూ కృపాకర్ తలుపుకు తాళం వేస్తాడు. రెండడుగులు వేశాక ఆమె వెనక్కి వచ్చి తాళం లాగి చూస్తుంది. అతను వీధిలో తల వంచుకుని నిలబడతాడు. ఒకనాడు నాతో అన్నాడు: "సర్కారోళ్ళు గ్యాంగుల ఏస్తే ఏసిన్రు సార్. గా పని జేస్కున్న. గీమె తాళం గుంజినప్పుడే పానం పోతది."

పోయిన నెల గేటు గది కిట్టు ఒకటి తెప్పించాను. విదేశీ సరుకు. కొప్పులా నిటారుగా ఎర్ర పెంకుల కప్పు, కిటికీల కింద పూల తొట్లు. కృపాకర్ డబ్బా మీది బొమ్మ చూసి, "గీడ మంచు ఏడ పడ్తది సార్, గింత కప్పెందుకు?" అన్నాడు. కప్పు పక్కన పడేసి, అట్టముక్కతో చదును స్లాబు వేశాడు. పూల తొట్లు కోసేశాడు. గోడకు పసుపు రంగు, గుమ్మం ముందు నీళ్ళ కుండ. తాను పనిచేసిన గేటునే కడుతున్నాడని రెండో రోజుకే అర్థమైంది.

గేటుకు రెండు కడ్డీలు. కిట్టులో ఎందుకైనా మంచిదని నాలుగు ఇచ్చారు. రెండూ దించి అతికించాక కృపాకర్ మూడోది తీసి, గది వెనక గోడ పక్కన నిటారుగా పాతాడు.

"అదేంది? గేటుకు రెండే గద," అన్నాను.

"పాతది సార్. లారీ గుద్దితే వంగింది. కొత్తది ఏసినంక దీన్ని గీడ పాతిన. ఉండె గనక పెడ్తున్న."

ఉన్నది ఉన్నట్టు పెట్టకపోతే అతనికి నిద్ర పట్టదు. సరే, ఏడువు అనుకున్నాను. ఆఖరున రోడ్డు పక్కన జానెడు దూరంలో చాయ్ బండి కూడా పెట్టాడు.

నాలాంటి పిచ్చివాళ్ళ గ్రూపు ఒకటి ఫోనులో ఉంది. వాళ్ళకు పంపడానికి ఫొటో తీయాలి. నేల మట్టం నుంచి తీస్తే బొమ్మ అసలుదానిలా కనబడుతుంది. ఫోను తిప్పి తిప్పి, చివరికి ఖాళీ ఉందని చాయ్ బండి పక్కన ఆనించాను. తెరలో చూశాను. ఒళ్ళు మండింది.

"కృపాకర్, గేటెందుకు లేపినవ్? రైలు పెట్టి ఫొటో తీస్తున్న గద!"

"ఏసే ఉంది సార్. సూడున్రి."

తలెత్తి చూశాను. రెండు కడ్డీలూ దిగి, బిగిసి ఉన్నాయి. నిన్ననే గమ్ము పెట్టాడు, లేవమన్నా లేవవు. మళ్ళీ వంగి తెరలో చూశాను. గది అడ్డం వచ్చి రెండు కడ్డీలూ దాని వెనక దాగాయి. స్లాబు పైన ఎరుపు తెలుపు పట్టీల కడ్డీ ఒకటి నిక్కి నిలబడింది. ఎవరు చూసినా గేటు లేచి ఉందనే అంటారు. నేను అన్నాను. పద్దెనిమిదేళ్ళ కింద అన్నాను, ఇప్పుడు మళ్ళీ అన్నాను.

కుర్చీలో కూలబడ్డాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలియదు, ఆ మూడో కడ్డీ పీకేస్తే సరి. ఆ ఆలోచన కూడా వచ్చింది, దాచను. కానీ ఎదురుగా అతను చిమటా పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"కృపాకర్, ఆనాడు గేటు లేచి ఉందని సంతకం పెట్టింది నేనే."

అతను చిమటా కింద పెట్టాడు.

"ఎర్కే సార్."

"ఎర్కనా? ఎప్పటి సంది?"

"మీ ఇంటి గేటు మీద పేరు సదివినప్పటి సంది. గా కాగితం నాకు సదివి ఇనిపించిన్రు గద. గా పేరు మర్సిపోతనా?"

"మరి నా ఇంటికెట్ల వచ్చినవయ్యా?"

"లొల్లి వెట్టుకుందామనే వచ్చిన. పైకొచ్చి సూస్తే గేటు లేని రోడ్డు మీదికెళ్ళి రైలు ఉరుకుతున్నది. సూడబుద్ధి గాలె. గేటు పెట్టినంక లొల్లి వెట్టుకుందామనుకున్న. గట్లనే నాలుగేండ్లాయె."

నేను ఫోను అతని చేతికిచ్చి, వంగి చూడమన్నాను. చాలాసేపు చూశాడు. కడ్డీ సంగతి అతనికీ అప్పటిదాకా తట్టలేదు.

"ఎవరికి రాయమంటవో చెప్పు, రేపే రాసిస్త. తప్పు నాదే," అన్నాను.

"గిప్పుడెవరికి సార్? రిటైరైన. రాహేలుకు చెప్పున్రి, సాలు."

నేనే పోయి పిలుచుకొచ్చాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కింది. "రాహేలమ్మా, ఆనాడు నేను నిలబడ్డ జాగ ఇది. ఇక్కడ కన్ను పెట్టి చూడు," అన్నాను. నేను ఎవరో, ఏం సంతకం పెట్టానో, ఎలా పొరబడ్డానో ఒక్కటీ దాచకుండా చెప్పాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని వంగింది. లేచి గేటు చూసింది. మళ్ళీ వంగింది.

నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె వేలు మూడో కడ్డీ మీద ఆగింది.

"గేటు కాడ ఉన్నప్పుడు బట్టలారేస్కునే తాడు కట్టనీకి గుంజ లేదని మస్తు పోరు వెట్టిన," అంది. "గా పాత కడ్డీ ఊకెనే పడున్నది, పాతు పాతు అని పానం తిన్న. నేనే పాతిపిచ్చిన."

వేలు తీయకుండానే భర్త వైపు తిరిగింది.

"గేటు ఏసినంటివి నువ్వు."

"ఏసిన."

"చెప్పినవు," అంది. "నేనే ఇనలే." ఆ తర్వాత అక్కడే గచ్చు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. కృపాకర్ మాత్రం కుండ మూత ఊడిందని చిమటాతో సర్దుతూ కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున నేను మా ఇంటి గేటు దగ్గర పేపర్ పట్టుకుని నిలబడ్డాను. పేపర్ చదవలేదు, ఎదురిల్లే చూస్తున్నాను. కృపాకర్ తలుపు వేసి, తాళం వేసి, రెండడుగులు నడిచి, అలవాటు కొద్దీ ఆగి తల వంచుకున్నాడు. రాహేలు అతన్ని దాటి ముందుకు పోయింది. మలుపు దగ్గర వెనక్కి తిరిగి, "గాడ నిలబడ్డవేంది, ఆలస్యమైతుంది రా," అంది.