ఏదుపంది గుహకు పంచనామా

1949 వేసవిలో నన్ను దేవరకొండ తాలూకాకు జంగలాత్ దారోగాగా వేశారు. జంగలాత్ అంటే అడవుల శాఖ. దారోగా అంటే పైవాళ్ల తిట్లూ కిందివాళ్ల ఏడుపులూ రెండూ వినే ఉద్యోగం. పోలీసు చర్య జరిగి ఏడాది నిండలేదు. ఊళ్లలో సాయుధ క్యాంపులు, గుట్టల్లో కమ్యూనిస్టు దళాలు.

చేరిన వారానికే ఒక క్యాంపు అధికారి నుంచి పిలుపొచ్చింది. ఒక ఊరి పటేలు నెలరోజులుగా కనబడటం లేదు. ఆ ఊరి గుట్ట మీద గుహలో ఎముకల కుప్ప దొరికింది. దళం పటేలును చంపి అక్కడ పారేసిందనీ, గుట్ట మీద గొర్లు మేపే గొల్ల మల్లయ్య సాయపడ్డాడనీ అధికారి తేల్చేశాడు. మల్లయ్యను క్యాంపులో కట్టేసి అప్పటికి నాలుగు రోజులు. నన్ను చూడగానే, అందరికీ చెబుతూ వచ్చిన మాటే మల్లయ్య నాకూ చెప్పాడు.

"దొరా, గవి ఏదుపంది కూడవెట్టిన బొక్కలు. మా ఊర్ల అందరికెరుకే. గొర్లు గుట్ట మీదనే ఉన్నయి, జర నన్ను ఇడువమను."

అధికారి ఈ ప్రాంతంవాడు కాదు. దుంపలు తినే జంతువుకు ఎముకలతో ఏం పనని నవ్వాడు. గుహ దగ్గర మాత్రం ఏదుపంది ముళ్లు విసురుతుందని ఇద్దరు జవాన్ల చేత కంబళ్లు అడ్డం పట్టించి వాటి వెనక నిలబడ్డాడు. ముళ్లంటే గట్టిపడ్డ వెంట్రుకలేననీ, అది విసరదనీ, వెనక్కి తిరిగి వెనకనుంచే మీదికొచ్చి గుచ్చుతుందనీ చెప్పాను. ఆయన ఇంకో కంబళి తెప్పించాడు.

నేను పాకుతూ లోపలికి పోయాను. ఎద్దు జబ్బ ఎముకలు, మేక దవడలు, దుప్పి కొమ్ములు. ప్రతి దాని మీదా ఉలితో చెక్కినట్టు జంట పంటిగాట్లు. ఎలుక జాతి జంతువులకు ముందుపళ్లు బతికినంత కాలం పెరుగుతాయి. వాటిని అరగదీసుకోవడానికీ, దుంపల్లో చాలినంత దొరకని సున్నం కోసమూ ఏదుపంది ఎముకలు ఈడ్చుకొచ్చి కొరుకుతుంది. మనిషి ఎముక ఒక్కటీ లేదు.

శాఖ పద్ధతి ప్రకారం ఉర్దూలో ఆరు పుటల నివేదిక రాశాను. పళ్ల వర్ణన నాకే ముచ్చటేసింది. ఎముకలు మనిషివి కావన్న ముక్క ఆరో పుటలో ఉంది. అధికారికి ఉర్దూ చదవడం రాదు. నోటితో చెబితే, కాగితం మీద ఉన్నదే లెక్క అన్నాడు. "మనిషి ఎముకలు" అని సాక్షుల ముందు రాయించిన పంచనామా అప్పటికే నల్గొండ చేరిందట. నా నివేదికనూ తర్జుమాకు అక్కడికే పంపాడు.

ఇంకో తొమ్మిది రోజులకు పటేలే దిగాడు. దళాలకు భయపడి హైదరాబాదులో బావమరిది ఇంట దాక్కుని కాస్త ఒళ్లు కూడా చేశాడు. అధికారి నన్ను పిలిపించి, పటేలు బతికున్నాడని నివేదికలో ఎందుకు రాయలేదని గద్దించాడు. తర్జుమా మూడు నెలలకు వచ్చింది.

పటేలు వచ్చాక మల్లయ్యను విడిచేసరికే మందలో సగం తోడేళ్ల పాలైంది. నా శాయశక్తులా రాశానని నేను గొణిగాను.

"నేను జెప్పిన దినమే నువ్వు నమ్మితివి గద దొరా," అన్నాడు. "మరి గా ఒక్క ముక్క ముందుగాల ఎందుకు రాయకపోతివి?"

ఆ తరవాత ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో ప్రతి నివేదికలోనూ, తేలిన సంగతిని మొదటి వాక్యంలోనే, చదివేవాడికి వచ్చిన భాషలోనే రాశాను. ఆ సంగతి నాకు మొదట చెప్పింది ఏ కాపరైనా సరే, అతని పేరూ వేలిముద్రా నా సంతకానికి పైన పెట్టించాను. అది పద్ధతి కాదని పైవాళ్లు రెండుసార్లు రాశారు. నేను మార్చలేదు.