పులిహోర బోనం

నా పెళ్ళైన కొత్తలో అత్తతో కలిసి మెదక్ నుంచి ఏడుపాయల అమ్మవారి జాతరకు నడిచి వెళ్ళాను. "రోడ్డు మీద మస్తు జనం, పొలాలకెల్లి నిమ్మళంగ పోదాం" అన్నది అత్త. దారిలో తినడానికి పులిహోర గిన్నె నా నెత్తిన పెట్టి, ఈగలు వాలకుండా వేపమండలు కప్పింది.

ఒక పల్లెలో అడుగు పెట్టామో లేదో, అది అమ్మవారికి నైవేద్యంగా మోసుకెళ్ళే బోనమనుకుని ఆడవాళ్ళు నా కాళ్ళ మీద నీళ్ళు పోసి మొక్కారు. డప్పు మోగింది. నేను అత్త వైపు తిరిగాను.

"అత్తమ్మా, ఇది బోనం కాదని జర చెప్పుండ్రి!"

"అందరు మొక్కినంక ఎట్ల చెప్తం? నడువు బిడ్డా" అంటూ తనూ మొక్కింది.

ఇక అమ్మవారికి పెట్టకుండా ఎలా ముట్టుకుంటాం? కడుపు నకనకలాడుతుంటే, పల్లె పల్లెంతా వెంట రాగా గుడి చేరాం. రోడ్డున వెళ్ళి ఉంటే ఆ గుంపులో నన్నెవరు చూసేవారు? నిమ్మళమైన దారి అని ఎవరన్నా ఇప్పటికీ నాకు ఆకలేస్తుంది.