దేవనహళ్ళి గోడ మీది తోడేలు

కోవిడ్ సద్దుమణిగిన ఏడాది. నేను బెంగళూరులో వన్యప్రాణుల వైద్యురాలిని. ఎవరింట్లోనైనా పాత తోలో, కొమ్మో బయటపడితే అది ఏ జంతువుదో చెప్పమని పిలిచేవారు. ఆ రోజు పిలిచింది దేవనహళ్ళిలో ట్యాక్సీ నడిపే నాగరాజు. ఇంటికి రంగులు వేయడానికొచ్చిన పెయింటర్ గోడ మీది తోలు చూసి, ఇది జైలు కేసని బెదరగొట్టాడట.

నడవలో తలలేని తోలు ఒకటి మేకులకు బిగించి ఉంది. పొగకు నల్లబడింది. దాని కిందే నాగరాజు తల్లి మునెమ్మ కూర్చుని ఉంది.

"తోడేలమ్మా అది. నా చిన్నప్పుడు మా తమ్ముణ్ణి ఎత్తకపాయ. వానికి ఇంకా నడక కూడా రాలే. మా నాయన గుట్టలన్నీ తిరిగి దాన్ని చంపి తెచ్చినాడు. అది గోడకెక్కినంక గానీ మాయమ్మ కూడు ముట్టలే" అంది.

తోడేలు చట్టం కాపాడే జంతువు. తోలు దానిదైతే అటవీశాఖకు తెలపక తప్పదు. నాగరాజు ముఖం పాలిపోయింది. "కేసైతే నా ట్యాక్సీ బ్యాడ్జి పోతాది మేడమ్."

గార్డ్ హెయిర్, అంటే పైన ఉండే ముతక వెంట్రుక, చూసి చాలా జంతువులను పోల్చవచ్చు. తోడేలునూ కుక్కనూ విడదీయడం మాత్రం కష్టం. అయితే వెనక కాలి లోపలివైపు డ్యూక్లా కనిపించింది. అది నేలకు తగలని అదనపు గోరు. కొన్ని కుక్కలకు ఉంటుంది, తోడేళ్ళ వెనక కాళ్ళకు అరుదు. మెడ చుట్టూ వెంట్రుకలు పట్టీలా అరిగిపోయి ఉన్నాయి. చిన్న ముక్క కోసి డీఎన్‌ఏ పరీక్షకు పంపాను.

ఫలితం రాగానే స్వయంగా వెళ్ళాను. "పెంపుడు కుక్కది. కేసేమీ ఉండదు" అన్నాను. నాగరాజు నవ్వుతూ దండం పెట్టాడు. మునెమ్మ నవ్వలేదు.

"మెడకాడ ఏమన్నా గుర్తుండాదా డాక్టరమ్మా?"

చెప్పాను. ఆమె తోలువైపు తిరిగింది.

"మా కుక్క, బూదిగాడు. నాయనే వానికి తోలుపట్టీ కట్టినాడు. తమ్ముడు పోయినప్పుడే వాడూ కనపడకుండా పాయ. తోడేలు వెంట పడిపోయినాడని నాయన చెప్పినాడు. నేను శానా దినాలు వానికి సద్ది పెట్టి చూస్తా ఉంటి."

"తాత ఎందుకట్ల చేసినాడు?" అన్నాడు నాగరాజు.

"ఇంగేం చేస్తాడప్పా? తోడేలు దొరకలే. ఇంట్లో పెండ్లాము కూడు మానేసె." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మాయమ్మకు తెలిసే ఉంటాది. దినామూ వానికి కూడు పెట్టిన మనిషి, గుర్తుపట్టదా? మా నాయన మొగం చూసి తినింటాది."

కొడుకు మేకులు పీకుతుంటే ఆమె కింద నిలబడి రెండు చేతులా తోలు అందుకుంది. పెరట్లో పూడ్చారు.

ఇప్పుడు ఇలాంటి ఇళ్ళకు వెళ్తే చట్టం సంగతి కొడుకులకు వేరే గదిలో చెబుతాను. తరువాత పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, ఆ తోలు ఏ జంతువుదో తెలుసుకోవాలని ఉందా అని అడుగుతాను. వద్దని తల అడ్డంగా ఊపినవాళ్ళు ఉన్నారు. వాళ్ళను రెండోసారి అడగలేదు.