గోడ మీద మా అత్త

అవి యాభైల నాటి రోజులు. నేను పెళ్లయి వేంపల్లెలో అత్తవారింటికి వచ్చి నాలుగు నెలలే అయింది. మధ్యాహ్నం మగవాళ్లు అంగడికి వెళ్లాక ఇల్లంతా నిద్రపోయేది. నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. చిన్నప్పటి బొమ్మల పిచ్చి వేళ్లలో మెదులుతూనే ఉండేది.

ఒకరోజు మా అత్త వసారాలో చాప మీద పడుకుంది. పందిరి సందుల్లోంచి పడిన ఎండ ఆమె ముఖం మీద మెల్లగా కదులుతోంది. పొద్దస్తమానం నన్ను కసురుకునే ఆ ముఖం అప్పుడు పసిపిల్ల ముఖంలా ఉంది. పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తెచ్చి, కొత్తగా సున్నం కొట్టిన గోడ మీద గీయసాగాను. ఎక్కడున్నానో కూడా మరిచిపోయాను.

"ఏం చేస్తాండావే ఆడ?"

చేతిలో బొగ్గు జారిపోయింది. అత్త లేచి గోడకేసి చూస్తోంది. గోడ మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న తన బొమ్మ! ఇక నన్ను పుట్టింటికి పంపేస్తుందనుకున్నాను.

ఆమె దగ్గరికొచ్చి బొమ్మను చాలాసేపు చూసింది.

"ఇది నేనేనా? శానా ముసిల్దాన్నయిపోతినే!" అంది. బొమ్మ నోటికేసి వేలు చూపించి, "నోరు మూసి గీయరాదా?" అంది.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

మర్నాడు మధ్యాహ్నం ఆమె పడుకోలేదు. తల దువ్వుకుని, పట్టుచీర కట్టుకుని నా ఎదుట కూర్చుంది. నిన్నటి బొమ్మ పక్కన ఖాళీ గోడ చూపించి, "ఊఁ, గీయి. మీ మామ వచ్చేలోగా అయిపోవల్ల" అంది.

ఆ తర్వాత ఎందరి బొమ్మలో గీశాను. ఊపిరి బిగబట్టి, అంత బుద్ధిగా నా ముందు కూర్చున్నది మాత్రం మా అత్త ఒక్కతే.