కూర్చున్నవాడి మొహం

మా దయాకుమారి పిన్ని దుబాయ్‌లో ఉన్నన్నాళ్ళూ ఏ షాపులోనూ ఏ సోఫా మీదా తను కూర్చుని చూడలేదు. అమ్మేవాణ్ణి కూర్చోబెట్టి చూసేది.

"సోఫా సంగతి సోఫా చెప్పదురా ఆల్విన్. కూర్చున్నవాడి మొహం చెబుతుంది" అనేది. ఇది ఆవిడ సిద్ధాంతం. పాపం సేల్స్‌మన్ బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాడు. పిన్ని చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి, రోగిని చూసినట్టు ఆ మొహాన్ని చూసేది. "నడుం ఎలా ఉంది? మోకాళ్ళు లాగుతున్నాయా? వెనక్కి వాలు. సిగ్గెందుకు?" చివరికి "వచ్చే వారం చూద్దాంలే బాబూ" అని బయటికొచ్చేసేది. వచ్చే వారం పిన్ని మళ్ళీ వచ్చేది. సోఫా మాత్రం ఇంటికి వచ్చేది కాదు.

గల్ఫ్ నర్సు అనగానే కొవ్వొత్తిలా కరిగిపోయిందని రాసేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళెవరూ మా పిన్నితో ఫర్నిచర్ షాపుకి వెళ్ళినవాళ్ళు కారు. వెళ్ళి ఉంటే కరిగేది ఎవరో తెలిసేది.

పిన్నిది నరసాపురం. దుబాయ్‌లో అల్ కుసైస్ పేటలో కాపురం, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్‌నర్సు ఉద్యోగం. అక్కడ వారం సెలవు మారి, చర్చి శుక్రవారం నుంచి ఆదివారానికి మారినా ఆవిడ టైంటేబుల్ మారలేదు. ముందు ప్రార్థన, తర్వాత ఫర్నిచర్. అదే చీర, భుజాన అదే సంచి, సంచిలో టీ ఫ్లాస్కు, పేపరు గ్లాసులు. "టీ తాగుతూ కూర్చుంటేనే సోఫా గుణం బయటపడుతుంది" అనేది. ఇప్పుడు మంచం కూడా ఫోన్లో వేలితో నొక్కితే గుమ్మంలోకి వస్తోంది. ఎవరి మొహం చూడాలి?

కరోనా రోజుల్లో మొహాలకి మాస్కులు, సోఫాలకి 'కూర్చోరాదు' అని స్టిక్కర్లు. పిన్ని ఒక షాపువాణ్ణి నిలదీసింది.

"కూర్చోకూడని సోఫా ఎందుకమ్ముతున్నారయ్యా?"

"కొన్నాక కూర్చోవచ్చు మేడమ్."

"కూర్చోకుండా ఎలా కొంటాను? నువ్వు కూర్చో. మాస్కు తియ్యొద్దు, నర్సుని, ఊరుకోను. కళ్ళు చాలు నాకు."

ఒకసారి పరుపుల షాపులో సేల్స్‌మన్‌ని ఏకంగా పడుకోమంది. రెండు పూటల డ్యూటీలో ఉన్న మనిషి. పడుకున్నవాడు పడుకున్నట్టే గురక పెట్టాడు. పిన్ని పెదాల మీద వేలు పెట్టుకుని షాపుని ఐసీయూ చేసేసింది. పక్కన ఎవరిదో ఫోను మోగితే గుడ్లురిమి చూసింది. ఇంతలో ఒక అరబ్బు ముసలాయన వచ్చి ఇంకో పరుపు ధర అడిగితే, తనే లేబుల్ చూసి, గుసగుసగా గుణగణాలు వర్ణించి, అంటగట్టేసింది. ఆ షాపులో పిన్ని ఏదీ కొనలేదు గానీ, అమ్మింది.

బ్యూటీ పార్లర్‌లోనూ ఇదే వరస అని ఆవిడ వార్డులో పనిచేసే ఎలీనా చెప్పింది. కాళ్ళు శుభ్రం చేయించుకోడానికి వెళ్ళి, వేణ్ణీళ్ళ టబ్బు తేగానే పార్లర్ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టిందట. "ముందు నువ్వు పెట్టు కాళ్ళు. నీళ్ళు కాలుతున్నాయేమో నాకేం తెలుసు?" ఆ పిల్ల కాళ్ళు పెట్టింది. నీళ్ళు చల్లారేదాకా పరీక్ష సాగింది. తర్వాత పిన్ని డబ్బులిచ్చి, తన కాళ్ళు తడవకుండానే ఇంటికొచ్చేసింది.

ఇదంతా ఊళ్ళోవాళ్ళకి వినోదం. నాకు మాత్రం ప్రాణసంకటమయ్యే రోజొకటి వచ్చింది.

మా ఆవిడ ఫేబాకి వీసా వచ్చింది. దించడానికి వాళ్ళమ్మ కూడా విజిట్ మీద బయల్దేరారు. మా అత్తగారు తణుకు నుంచి ఫోన్లో మెత్తగానే చెప్పారు. "కూర్చోడానికి సోఫా లేని ఇంట్లో మా అమ్మాయిని దించి రాలేను బాబూ. సోఫా ఉంటే నా ఒక్కదానికే రిటన్ టికెట్టు. లేకపోతే ఇద్దరం వచ్చేస్తాం."

అప్పటికి నా దుబాయ్ ఫ్లాటు హాల్లో ఉన్నది ఇస్త్రీ బల్ల ఒక్కటే. పిన్నిని తీసుకెళ్ళక తప్పదు. దుబాయ్ సోఫాలన్నీ ఆవిడకి పేరుపేరునా తెలుసు. ఏ షాపుకెళ్ళినా ఒకటే మాట.

"ఇది వద్దురా. వాడిది మొహమాటపు నవ్వు."

"వాడి నవ్వుతో మనకేం పని పిన్నీ? సోఫా బాగుంది కదా!"

"నీకు చదువెక్కువైంది. వచ్చే వారం చూద్దాం."

అలా వారాలు గడిచి, రేపు వాళ్ళు విమానం దిగుతారనగా ఒక పెద్ద షోరూంలో తేలాం. పిన్ని నేరుగా మూలకి నడిచింది. అక్కడ స్తంభం చాటున, గాజు గదిలోని మేనేజరుకి కనపడనంత దూరంలో, ఒక సోఫా ఉంది. గులాబీ రంగు, బంగారు కాళ్ళు. చూస్తే పెళ్ళికొడుకు ఇప్పుడే లేచి వెళ్ళినట్టుంది. పక్కన నిర్మల్ నుంచి వచ్చిన సేల్స్‌మన్ ఇమామ్ హుస్సేన్ నిలబడి, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదకి మారుస్తున్నాడు.

"కూర్చో ఇమామ్ బాబూ" అంది పిన్ని, ఫ్లాస్కు మూత తీస్తూ.

"ఇయ్యాల వద్దు మేడమ్. ముదీర్ ఇటే తిరుగుతుండు. కూసున్నట్టు చూసిండంటే నౌకరీ ఖలాస్."

"మీ మేనేజరుకి నేను చెప్తాగా. కస్టమర్ని. టీ పట్టుకో."

ఇమామ్ అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. టీ ఒక గుక్క తాగాడు. భుజాలు దిగాయి, కనుబొమలు విడిపోయాయి, "యా అల్లా" అన్నాడు సన్నగా. ఆ మొహాన్ని సినిమా పోస్టర్ మీద వేస్తే సోఫాలు ఆ పూటే అమ్ముడైపోతాయి. పిన్ని వంక చూశాను. పరీక్షలో ప్రశ్నాపత్రం ముందే తెలిసినదానిలా నిలబడి ఉంది.

సరిగ్గా అప్పుడే స్తంభం పక్కనుంచి ముదీర్ జగన్మోహనరావుగారు ఊడిపడ్డారు. విశాఖపట్నం మనిషి, మెడకి టై, టైకి పిన్ను. ఇమామ్ టీతో సహా లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మీరు ఇన్నేళ్ళుగా వస్తున్నారు. మా స్టాఫ్‌ని అందర్నీ కూర్చోబెట్టారు. ఒక్క పీటైనా కొనలేదు. సేల్స్‌మన్ కూర్చోకూడదన్నది రూలు. ఇప్పుడే ఇతని మీద రిపోర్టు రాస్తున్నాను."

ఇమామ్ టీ గ్లాసు వెనక్కి దాచుకున్నాడు.

"రిపోర్టెందుకు నాయనా, బిల్లు రాయి" అంది పిన్ని. "ఈ సోఫా తీసుకుంటున్నాం."

"ఇదా?" అన్నాను.

"నువ్వుండు. పరీక్ష పూర్తయింది, సోఫా పాసైంది. ఈ బాబు మీద రిపోర్టు రాస్తే పరీక్ష చెల్లదు. పరీక్ష చెల్లకపోతే సోఫా వద్దు. రేపు వీడి పెళ్ళాం వెళ్ళిపోతుంది. ఆ పాపం నీదే."

జగన్మోహనరావుగారు నా మొహం చూశారు. నా మొహం కూడా ఏదో చెప్పి ఉండాలి. బిల్లు పుస్తకం తీశారు.

"ఆ కుర్చీ కూడా వెయ్యి" అంది పిన్ని, గోడవారగా ఉన్న మామూలు చెక్క కుర్చీని చూపిస్తూ. "అది మాత్రం నా డబ్బు. డెలివరీ వద్దు. ఇక్కడే, స్తంభం వెనకాలే ఉంచు."

"ఎన్నాళ్ళమ్మా?"

"వచ్చే వారం దాకా. ఇంకా పరీక్ష ఉంది. నేను రానిరోజు నా బదులు మీవాళ్ళు కూర్చుని చూస్తారు."

"రూలుందని చెప్పాను కదమ్మా!"

"మీ రూలు మీ సామాన్లకి. అది నా సామాను. నా కుర్చీలో ఎవరు కూర్చోవాలో నేను చెప్తా."

ఆ రూల్లో ఈ సంగతి రాసి లేదు. ఆయన తనే వెళ్ళి కుర్చీ వీపుకి స్టిక్కరు అంటించారు: 'సోల్డ్. దయాకుమారి. డెలివరీ పెండింగ్.'

దారిలో అడిగాను. "అయితే పిన్నీ, ఇన్నేళ్ళూ నువ్వు..."

"ఏంటి ఇన్నేళ్ళూ? మంచి సోఫా దొరకొద్దూ?" అని కసిరి, కిటికీ వైపు తిరిగి నిద్ర నటించింది.

మర్నాడు మా అత్తగారు గులాబీ సోఫా మీద కూర్చున్నారు. పిన్ని చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది. ఫేబా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎలా ఉంది వదినగారూ?"

"రంగు చూస్తే కళ్ళు పోతున్నాయి గానీ వదినగారూ, లేవబుద్ధి కావడం లేదు."

ఆవిడ ఒక్కరే తిరిగి వెళ్ళారు.

పోయినేడు పిన్ని రిటైరై నరసాపురం వెళ్ళిపోయింది. మొన్నొకరోజు మంచం కోసం ఆ షోరూంకి వెళ్ళాను. కాళ్ళు వాటంతటవే స్తంభం వైపు నడిచాయి. కుర్చీ అక్కడే ఉంది, చేతులు ఆనే చోట పాలిషు పోయి. ఇమామ్ ఒక కస్టమర్‌కి అల్మారా తలుపు తెరిచి చూపిస్తున్నాడు. మరి కుర్చీలో ఉన్నదెవరు? సాక్షాత్తూ జగన్మోహనరావుగారు. టై వదులుగా, బూట్లు పక్కన. నన్ను చూసి ఉలిక్కిపడి బూట్ల కోసం కాళ్ళతో వెతుక్కోవడం మొదలుపెట్టారు.

నేను పిన్నికి వీడియో కాల్ కలిపి ఫోను ఆయన ముందు పెట్టాను.

"అమ్మా, నమస్కారం" అన్నారాయన తడబడుతూ. "మీ కుర్చీ... డెలివరీ ఎప్పుడు పంపమంటారు?"

"లేవకు! కదలకు!" అంది పిన్ని. కళ్ళజోడు సవరించుకుని, ఫోను దగ్గరగా పెట్టుకుని, ఆయన మొహాన్ని తీరిగ్గా చూసింది.

"ఊహూఁ. ఇంకా తెలియడం లేదు బాబూ. వచ్చే వారం చూద్దాం."