ఏలియా చేసిన రెక్క

నవ్వితే నవ్వండి గానీ, మోటారు వైండింగ్ చేసుకునే మనిషికి విమానాల పిచ్చి ఉండకూడదని ఎక్కడ రాసుందో చెప్పండి. మా ఈపూరు గురవయ్యకు ఉంది. కాలిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టుకుంటూనే, ఫోన్‌లో వీడియోలు చూసి రిమోట్ విమానం చేయడం నేర్చుకున్నాడు. వైరింగ్ అంతా ఆయనది. రెక్కలు మాత్రం పక్క వీధి వడ్రంగి ఏలియావి. థర్మోకోల్‌ను వేడి తీగతో కోసి, ఉప్పుకాగితంతో రుద్ది, కొంగ రెక్కంత నున్నగా తెచ్చేవాడు.

ఎగిరే విమానం సంగతులన్నీ చేతిలోని రిమోట్ పైకే చెప్తుంది. బ్యాటరీ ఎంతుందో, ఎంత ఎత్తులో, ఎంత దూరంలో ఉందో. ఇంగ్లీషులో, ఆడగొంతుతో.

“ఏందయ్యా, ఆమె మాటైతే ఒక్కసారికే వింటావు,” అనేది ఆయన భార్య బసవమ్మ.

పోయినేడు చలికాలంలో కొత్త విమానానికి జీపీఎస్ పెట్టారు. సిగ్నల్ తెగితే తనంతట తానే ఇల్లు చేరే ఏర్పాటు. దాని లెక్కలో ఇల్లంటే మనం ఆన్ చేసిన చోటు. అందుకే ఎగరేసే చోటికి వచ్చాకే ఆన్ చేయాలి.

తొలిసారి ఎగరేసేది ఆదివారం. ఏలియా చర్చి నుంచి వచ్చేసరికి వర్జ్యం వచ్చేస్తుంది. దాంతో గురవయ్య మంచి గడియలోనే గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టి ఆన్ చేశాడు. శుభమా అని మొదలుపెట్టినదాన్ని ఆపబుద్ధి కాక, అట్లాగే బండి మీద కాలవ అవతలి బీడుకు తెచ్చాడు.

“ఇక్కడే ఆన్ చేశావా అన్నా?” అనడిగాడు ఏలియా.

“ఇక్కడేరా.”

కొబ్బరికాయ సంగతి చెప్తే ఎగతాళి చేస్తాడని ఆ అబద్ధం. కాళ్ల దగ్గరున్న విమానం రెండు కిలోమీటర్ల దూరంలో ఉందని రిమోట్ చెప్తుంటే, అదే సర్దుకుంటుందిలే అనుకొని సౌండ్ తగ్గించాడు.

విమానం చక్కగా లేచింది. హైటెన్షన్ లైన్ల అవతలకు పోయాక సిగ్నల్ తెగింది. మా వైపు రావాల్సింది, ఊరి వైపు మళ్లింది. చూడ్డానికి పోయిన వాళ్లం చాలామందిమే ఉన్నాం.

“నీ రెక్క వంకరరా. ఒక పక్కకు లాక్కపోతా ఉంది చూడు,” అన్నాడు గురవయ్య, అందరూ వినేట్టు.

“నా రెక్కా? నిన్న చెయ్యేసి చూసి, చానా బాగుందన్నావు గదన్నా.”

“నిన్న నాకు తెలియలా.”

ఏలియా సైకిలెక్కి పోయాడు.

గురవయ్య ఇంటికి వచ్చేసరికి బసవమ్మ వాకిట్లోనే ఉంది.

“మనింటి మీదే తిరిగిందయ్యా, గద్ద తిరిగినట్టు. తిరిగి తిరిగి ఎనక పత్తి చేలో పడింది. నాకు చూపిద్దామని పంపావనుకున్నా.”

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. విమానం చెప్పినట్టే చేసింది, ఆన్ చేసిన గుమ్మానికే తిరిగొచ్చింది. చేలోంచి తెచ్చి చూస్తే ముక్కు చితికింది గానీ రెక్క మీద గీతైనా లేదు.

“పోయి చెప్పు. తప్పు నాదేరా అంటే నీదేం పోద్ది?” అంది బసవమ్మ.

“పదిమందిలో అన్నా గదే. పదిమందిలోనే చెప్పాల.”

ఆ పదిమంది మళ్లీ కూడింది లేదు. ఈలోగా ఏలియా మాచర్లలో సోఫాల షాపులో పనికి కుదిరి, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఇంకో విమానానికి ఇంకెవరి చేతైనా రెక్క చేయించుకోమంటే గురవయ్య ఒప్పుకోడు.

మొన్న ఆ రెక్కను పాత చీరలో చుట్టుకొని మాచర్ల బస్సెక్కాడు. నాకూ అక్కడ పనుండి పక్కనే కూర్చున్నా. దారంతా తనలో తనే ‘తప్పు నాదేరా’ అనుకుంటూ ఉన్నాడు. కారంపూడిలో టీ తాగొస్తానని దిగాడు. డ్రైవర్ హారన్ కొడుతున్నా రాలేదు. కిటికీలోంచి చూస్తే రోడ్డుకు అవతల, చంకలో రెక్కతో, వెనక్కి ఈపూరు పోయే బస్సు ఆపుతున్నాడు.